సమస్య: "చక్రముల దొంగిలించిన సజ్జనుండు"

పృచ్ఛకుడు:
మిత్రులారా, ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇది చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

చక్రముల దొంగిలించిన సజ్జనుండు

ఒక షరతు ఉంది. విష్ణుచక్రం వద్దు, కర్ణుడి రథచక్రం అసలే వద్దు. పూరణ అంతా డేజీ అనే వీడియో గేమ్‌లోనే జరగాలి. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. 2012లో ఇంకో గేమ్‌కి మాడ్‌గా, అంటే ఆ గేమ్‌నే మార్చి చేసిన రూపంగా, మొదలై, 2013 డిసెంబరులో విడి గేమ్‌గా జనం చేతికి వచ్చింది, 2018 డిసెంబరులో పూర్తి విడుదలైంది. చెర్నారస్ అనే కల్పిత దేశం, 225 చదరపు కిలోమీటర్లు. సముద్రపు ఒడ్డున ఉత్త చేతులతో లేస్తాం. నడిచి నడిచి కాళ్లు అరిగాక ఎక్కడో ఒక కారు కనిపిస్తుంది, కానీ సగం సామాను ఉండదు. బ్యాటరీ, స్పార్క్ ప్లగ్, రేడియేటర్, నాలుగు చక్రాలు, పెట్రోలు, రేడియేటర్‌లోకి నీళ్లు. ఇవన్నీ షెడ్లూ గ్యారేజీలూ గాలించి మనమే తెచ్చుకోవాలి. లేదా ఇంకొకడి బండికి ఉన్నవి విప్పుకోవాలి. సమస్య పుట్టింది అక్కడే.

దోమ గొంతులో ఏనుగుల మందను దూర్చిన జాతి మనది. నాలుగు చక్రాలొక లెక్కా?

వీల్‌పానా:
గురువుగారూ, మా నాన్నగారిది లారీ షెడ్డు. నా చిన్నతనమంతా పానాల మధ్యే గడిచింది. ఈ సమస్య నాకోసమే ఇచ్చినట్టుంది. ఇదిగో:

దారి గాచుచు నిలిచిన దండు బండి
కడకు రాతిరి మాటునఁ గంచె దూరి
గాయపడిన మిత్రుని కొఱకై కదలెను
చక్రముల దొంగిలించిన సజ్జనుండు

పృచ్ఛకుడు:
బాగుంది. గణాలు, యతులు సరిపోయాయి. ఒక్క చిక్కు: మొదటి పాదంలో నిలిచింది దండా, బండా? "నిలిచిన" ఎటు అతుక్కుంటుందో తేలడం లేదు. "దారి గాచెడు దొంగల దండు బండి" అంటే ఆ తిరకాసు పోతుంది. పైగా దొంగల దగ్గర దొంగిలించాడు కాబట్టి సజ్జనుడయ్యాడని విరుపు కూడా కుదురుతుంది.

బెరెజినోబావ:
పద్యం సరే. ఆ దండు దగ్గర ఉన్నది ఏ బండి? ఓల్గా, ఆడా, సార్కా, గుంటర్ అని గేమ్‌లో కార్ల రకాలు. ఓల్గా చక్రాలు ఆడాకి ఎక్కవు, సార్కా చక్రాలు గుంటర్‌కి ఎక్కవు. అర్ధరాత్రి కంచె దూరి, ప్రాణం అరచేతిలో పెట్టుకుని విప్పుకొచ్చాక "అయ్యో, ఇది మన సైజు కాదు" అంటే మిత్రుడు అక్కడే పోతాడు.

వీల్‌పానా:
రెండూ ఆడాలే బావా. పద్యంలో పట్టలేదు గానీ నా మనసులో రెండూ ఆడాలే. పాదం మారుస్తున్నాను గురువుగారూ.

ఖాళీకడుపు:
నమస్కారం. నేను కొత్త. ఒక డౌటు: "చ"కి "స"కి యతి ఎలా కుదిరింది? ఒకే అక్షరం ఉండాలనుకున్నాను.

తేటగీతిక:
చ, ఛ, జ, ఝ, శ, ష, స. ఈ ఏడింటికీ ఒకదానితో ఒకటికి మైత్రి ఉంది తమ్ముడూ. అచ్చు కూడా కలవాలి. ఇక్కడ "చ"లో, "స"లో ఉన్నది "అ"కారమే కాబట్టి సరిపోయింది. పాదాన్ని విడదీసి చూడు: చక్ర, ములదొంగి, లించిన, సజ్జ, నుండు. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి. ఇంతకన్నా ఏమీ లేదు, ధైర్యంగా రాయి.

నా పూరణ కూడా ఇక్కడే పెడుతున్నా:

రేడియేటరు దొరికెను రెండు నాళ్ల
కొక్క బ్యాటరీ చేజిక్కెఁ గొట్టమందు
నాల్గు చక్రాలు లేకున్న నన్ను గాచె
చక్రముల దొంగిలించిన సజ్జనుండు

వీల్‌పానా:
అక్కా, ప్లగ్గేదీ? ప్లగ్ లేకుండా ఆడా స్టార్ట్ కాదు. మీ సజ్జనుడు చక్రాలు తెచ్చి బిగించాక ఇద్దరూ కూర్చుని తాళాలు వాయించుకోవాలి.

పృచ్ఛకుడు:
"కొట్టమందు" చాలా నచ్చింది. గేమ్‌లో ఆ పశువుల షెడ్లకు అంతకన్నా మంచి తెలుగు మాట లేదు. "రేడియేటరు"ను గల, భగణాలుగా సాఫీగా ఇమిడ్చారు. అయితే మూడో పాదంలో "చక్రాలు", నాలుగో పాదంలో "చక్రముల". సమస్యలో ఉన్న మాటను దాని పక్కనే మళ్లీ వాడితే పూరణ బలం తగ్గుతుంది.

తేటగీతిక:
ఇద్దరి మాటా విన్నాను. ప్లగ్ పెట్టా, చక్రాలు తీశా:

రేడియేటరు దొరికెను రెండు నాళ్ల
కొక్క బ్యాటరీ ప్లగ్గునుఁ గొట్టమందు
నాల్గు టైర్లును లేకున్న నన్ను గాచె
చక్రముల దొంగిలించిన సజ్జనుండు

"దొరికెను" ఒక్కటే మూడింటికీ క్రియ అయింది.

వీల్‌పానా:
ఇప్పుడు నడుస్తుంది. నీళ్లు పోయడం మరవకండి.

ఖాళీకడుపు:
అక్క ఇచ్చిన ధైర్యంతో రాశాను. తప్పులుంటే తిట్టండి.

పాత గ్యారేజి లోపల ప్లగ్గు దొరికె
నీరు పోసితి రేడియేటరులోన
టైర్లు నాల్గింటి నిచ్చిన దాత యతడె
చక్రముల దొంగిలించిన సజ్జనుండు

బెరెజినోబావ:
"పాత గ్యారేజి"లో "త" గురువు అవ్వదా? తర్వాత సంయుక్తాక్షరం ఉందిగా. "లోపల ప్లగ్గు"లోనూ అంతే.

పృచ్ఛకుడు:
అవ్వనక్కరలేదు. విడి తెలుగు మాటల మధ్య, వెనక మాట సంయుక్తాక్షరంతో మొదలైనంత మాత్రాన ముందు మాట చివరి అక్షరం గురువు కాదు. సమాసమైతే వేరే సంగతి. "స్పార్కుప్లగ్గు" అని ఒక్క మాటగా కలిపేస్తే "కు"ను గురువుగా లెక్కపెట్టాలని నేనంటాను. విడిగా రాస్తే లఘువే. ఇంగ్లిషు మాటలతో పద్యం రాసేటప్పుడు ఈ గొడవ రోజూ ఉంటుంది. అందుకే తేటగీతిక గారు తెలివిగా "బ్యాటరీ" తర్వాత "ప్లగ్గు" పెట్టారు. "రీ" ఎలాగూ గురువే, తగవే లేదు.

ఇక ఖాళీకడుపు గారి పద్యం. మొదటి పాదం శుభ్రంగా ఉంది, "పా"కి "ప్ల"కి యతి కూడా కుదిరింది. రెండో పాదం చూడండి: నీరు, పోసితి, రేడియే, టరులోన. నాలుగు గణాలతోనే ఆగిపోయారు. నాలుగోచోట సూర్యగణం ఉండాల్సింది, అక్కడ "టరులోన" అనే సలము, అంటే ఇంద్రగణం, వచ్చి కూర్చుంది. మూడో పాదంలో "టై"కి "దా"తో యతి చెల్లదు. ట, ద వేర్వేరు వర్గాలు.

రాత్రిపాళీ:
పద్యం కూడా బండి లాంటిదే, ఒక్క పార్టు లేకపోయినా...

తేటగీతిక:
ఆ మాట ఎవరో ఒకరు అంటారని పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నా.

పృచ్ఛకుడు:
(నేనూ అనబోయి ఊరుకున్నాను.) ఖాళీకడుపు గారూ, మీ ఊహ చెడకుండా ఇలా సర్దవచ్చు:

పాత గ్యారేజి లోపల ప్లగ్గు దొరికె
నీరు రేడియేటరులోన నింపినాను
దాచినట్టి టైర్లను నాకు దానమిడెను
చక్రముల దొంగిలించిన సజ్జనుండు

"రేడియేటరు"ను పాదం చివరి నుంచి నడిమికి జరిపానంతే. అదే "టరులోన" ఇప్పుడు మూడో గణమై సరైన చోట పడింది. చివర రెండు సూర్యగణాలకు చోటు దొరికింది.

ఖాళీకడుపు:
ధన్యవాదాలు గురువుగారూ. నిజం చెప్పాలంటే ఇది జరిగిన కథే. మొదటిసారి నాకు ఆడా దొరికినప్పుడు రేడియేటర్‌లో నీళ్లు పోయాలని తెలియక అలాగే నడిపేశాను. ఇంజిన్ పోయింది. రెండో బండికి ప్రతి వాగు దగ్గరా ఆగి సీసా ముంచి పోశాను, అవసరం ఉన్నా లేకున్నా.

వీల్‌పానా:
దెబ్బతిన్న రేడియేటర్‌ని ఎపాక్సీ పుట్టీతో బాగుచేయొచ్చు. ఆ పుట్టీ అంటే మన ఇళ్లలో పంపు కారితే పూసే ఎంసీల్ లాంటిదే. టైరుకి టైర్ రిపేర్ కిట్ వేరే. కానీ ఏ వస్తువు పక్కనైనా "రూయిన్డ్" (పూర్తిగా పాడైంది) అని పడిందా, ఇక ఆశ వదులుకోవడమే. మా షెడ్డులో అలా ఉండేది కాదు. నాన్నగారు తుక్కులో పారేసిన దాన్ని కూడా తిప్పి తిప్పి చూసి "దీనికింకా ఊపిరుందిరా" అనేవారు. గేమ్‌లో నాకు నచ్చని సంగతి అదొక్కటే.

బెరెజినోబావ:
నావంతు. "దొంగిలించిన"ని అందరూ విశేషణంగానే తీసుకున్నారు. నేను "దొంగిలిస్తే" అనే అర్థంలో తీసుకున్నా. ఇక్కడ సజ్జనుడు దొంగ కాదు, దోపిడీకి గురైనవాడు.

అడవి నడుమను దాచిన యాడ బండి
వలను గప్పిన నేమాయె? వాడు చూచె
నెట్లు చేరును తీరము నింక నకట
చక్రముల దొంగిలించిన, సజ్జనుండు!

పృచ్ఛకుడు:
శభాష్ బావా! ఈ సమస్య ఇచ్చేటప్పుడు నా మనసులో ఉన్న కీలకం ఇదే. "వచ్చిన చూద్దాం" అన్నప్పుడు "వస్తే" అనే కదా అర్థం. అలాగే "దొంగిలించిన" అంటే "దొంగిలిస్తే". చిన్న కామా ఒకటి పెట్టి పద్యాన్ని తలకిందులు చేశారు. "చూచెన్" చివరి ద్రుతం, అంటే ఆ నకారం, "ఎట్లు"తో కలిసి "నెట్లు" అయి, "నింక"తో యతి దానంతటదే పడింది.

తేటగీతిక:
"యాడ బండి" అంటే తెలియనివాళ్లు ఆడవాళ్ల బండి అనుకుంటారేమో!

బెరెజినోబావ:
అనుకోనీ అక్కా. 1977లో సోవియట్ వాళ్లు లాడా నీవా అని ఒక బండి తెచ్చారు, దాని పోలికలే దీనికి. ఓల్గాకి వోల్గా పోలిక. పేరులో ఒక్క అక్షరం తీసేస్తే సరి అనుకున్నట్టున్నారు.

తేటగీతిక:
అక్షరలోపం. మనం చేస్తే ఛందోదోషం, వాళ్లు చేస్తే కొత్త బండి.

రాత్రిపాళీ:
నేను షరతును కొంచెం వంచాను. సమస్యకు ముందు ఒక మాట చేర్చి "చక్రముల" అర్థం మార్చాను. గురువుగారు కొట్టేయవచ్చు.

ఆట యాడెద నొక గంట యనుచుఁ జెప్పి
తెల్లవారెడు దాకను దిరిగి తిరిగి
పొద్దు నాఫీసులో నిద్ర పోవు కాల
చక్రముల దొంగిలించిన సజ్జనుండు

బెరెజినోబావ:
హహహ! "కాలచక్రముల" దొంగ!

తేటగీతిక:
దీన్ని మా ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టాలి. మా వారు నిన్న రాత్రి "ఒక్క ప్లగ్ దొరికితే పడుకుంటా" అన్నారు. నాలుగింటికి లేచి చూస్తే మనిషి ఇంకా కుర్చీలోనే. ప్లగ్ దొరికిందట, బ్యాటరీ కోసం చూస్తున్నారట.

పృచ్ఛకుడు:
కొట్టేయడానికి చెయ్యి రావడం లేదు. పూర్వపదం చేర్చి అర్థం మార్చడం అవధానుల పాత కిటుకే. షరతు మాత్రం సగమే పాటించారు. పద్యంలో ఆట ఉంది గానీ చెర్నారస్ లేదు. ఏ ఆటకైనా అతికించవచ్చు, చివరికి పేకాటకు కూడా. "ఆఫీసులో నిద్ర"లో "లోనిద్ర" తగణంగా పడటం, "పొద్దు"కి "పోవు" యతి కావడం ముచ్చటగా ఉన్నాయి.

రాత్రిపాళీ:
పేకాటకైతే ఇంట్లోంచి వెళ్లగొట్టేవాళ్లు గురువుగారూ.

వీల్‌పానా:
గురువుగారూ, మీ పూరణ కూడా వినిపించండి.

పృచ్ఛకుడు:
నన్ను ఈ సమస్య వైపు లాగింది గేమ్‌లోని ఒక చిన్న సంగతి. మామూలు సర్వర్లలో ఆ కార్లకు తాళంచెవి ఉండదు. ఎవడు ఎక్కితే వాడిదే. అలాంటప్పుడు దొంగతనం అనే మాటకే అర్థం ఏముంది? ఒకసారి చెర్నారస్‌లోని జెలెనోగోర్స్క్ ఊరి దగ్గర నాకొక ఆడా కనిపించింది. నాలుగు చక్రాలూ ఉన్నాయి, బ్యాటరీ లేదు. నా బండికి రెండు చక్రాలు తక్కువ. రెండు విప్పి, మిగతా రెండూ అలాగే వదిలేశాను. ఒక్కో చక్రాన్నీ చేతుల్లో మోసుకుంటూ రెండుసార్లు తిరిగాను. చేతుల్లో చక్రం ఉంటే తుపాకీ పట్టుకోలేం, ఎవడైనా ఎదురైతే అంతే సంగతులు. మిగతా రెండూ ఎందుకు వదిలానో ఇప్పటికీ చెప్పలేను. రెండు చక్రాలతో ఆ బండి ఎవరికీ పనికిరాదు కూడా.

తాళమే లేని బండికిఁ దానె దొరగ
దొరికినంతనె మురిసెడు దొంగలందు
మఱియొకనికిఁ దా మిగిలించి మఱలిపోవు
చక్రముల దొంగిలించిన సజ్జనుండు

బెరెజినోబావ:
గురువుగారూ, క్షమించాలి. "మిగిలించి" అని గొప్పగా చెప్పుకున్నారు గానీ, మూడో ట్రిప్పుకి ఓపిక లేక వదిలేశారేమో అని నా అనుమానం.

పృచ్ఛకుడు:
అదీ ఉంది.

తేటగీతిక:
ఈ వారానికి నా ఓటు బావ పద్యానికి. నవ్వుకైతే రాత్రిపాళీకి.

ఖాళీకడుపు:
నా ఓటూ బావగారికే. అందరూ ఉన్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను. ఈ రాత్రి నేను సర్వర్లో ఉంటాను. నా ఆడాకి ప్లగ్ ఉంది, బ్యాటరీ ఉంది, రేడియేటర్ నిండా నీళ్లున్నాయి. చక్రాలు మాత్రం మూడే. సజ్జనులెవరైనా...

రాత్రిపాళీ:
తప్పకుండా. బండి ఎక్కడ దాచారో చెప్పండి చాలు.

తేటగీతిక:
చెప్పకు తమ్ముడూ!