లైసెన్స్ లేని ప్లంబర్‌ని గోడ ముట్టుకోనివ్వకూడదా? మీరేమంటారు

తడిగోడ:
సూటిగా అడుగుతున్నా. కరెంటు పనికి లైసెన్స్ ఉండాలంటే ఎవరూ కాదనరు, అదే ప్లంబింగ్ అనేసరికి "పైపులే కదా, ఎవరైనా అతికిస్తారు" అనేస్తాం. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇళ్లు లేస్తున్నంత వేగంగా పని తెలిసిన ప్లంబర్లు తయారవడం లేదు. మేస్త్రీ వెనక సంచి మోసిన కుర్రాడు కొన్నాళ్లు తిరిగేసరికి తనే మేస్త్రీ అయిపోతాడు. అది వాళ్ల తప్పు అనను, కూర్చోబెట్టి నేర్పేవాళ్లు లేరు. కానీ ఫలితం అనుభవించేది ఆ ఇంట్లో ఉండేవాళ్లు. మా బాత్‌రూమ్ గోడకి అవతల బెడ్‌రూమ్‌లో చెమ్మ దిగింది, పెయింట్ పొరలుగా లేచింది. టైల్స్ పగలగొట్టి చూస్తే ఎల్బోలోకి (పైపు మలుపు తిప్పే ముక్క) పైపు సగమే వెళ్లి ఉంది, అంటే మొదటి రోజు నుంచీ అది ఏదో ఒకరోజు ఊడాల్సిందే. పని చేసినాయన ఫోన్ ఎత్తడు. నా వాదన ఒక్కటే: శిక్షణ, పరీక్ష, లైసెన్స్ లేనివాళ్లు గోడ లోపల పైపు వేయకూడదని చట్టం రావాలి. ట్యాప్ మార్చుకోవడం, జాలీ శుభ్రం చేసుకోవడం ఎవరైనా చేసుకోవచ్చు. కాదనేవాళ్లు చెప్పండి.

పాతపానా:
నేను చేసేది ఈ పనే, లైసెన్స్ లేదు, కాబట్టి కాదనేవాళ్లలో నన్నే మొదట రాసుకోండి. మీ ఎల్బో ఎందుకలా అయిందో ముందు చెప్తా. సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపుల ఫిట్టింగ్ లోపల సన్నగా టేపర్ ఉంటుంది, అంటే లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. సొల్యూషన్ (అతికించే జిగురు) పూసి పైపు దూర్చగానే అది మెల్లగా వెనక్కి తన్నుకొస్తుంది, బయటికి చూస్తే తెలియదు. అందుకే చివరిదాకా నెట్టి, పావు వంతు తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. అంతకంటే ముందు రంపంతో కోసిన అంచున మిగిలే పొట్టు గీకేయాలి, లేకపోతే అది సొల్యూషన్‌ని నెట్టుకుంటూ పోయి ఒక పక్క ఖాళీ వదిలేస్తుంది. సొల్యూషన్ పైపుకీ పూయాలి, ఫిట్టింగ్ లోపలా పూయాలి. ఇది నేర్చుకోవడానికి కాలేజీ అక్కర్లేదు, ఒక పూట చాలు.

మరి ఎందుకు పట్టుకోరు అంటే, కూలీ పాయింట్ లెక్కన. పాయింట్ అంటే ట్యాప్ లాంటిది వచ్చే ఒక్కో చోటు, ఇన్ని పాయింట్లు వేస్తే ఇంత. రేపు ప్లాస్టరింగ్ వాళ్లు వస్తున్నారు, ఇవాళ అయిపోవాలి అంటాడు కాంట్రాక్టర్. ఒక ఇంట్లో ఎన్ని జాయింట్లు ఉంటాయో మీరే లెక్కేసుకోండి, ప్రతి దానికీ అర నిమిషం. లైసెన్స్ మెడలో వేసుకున్నవాడు కూడా ఆ రేటుకి పట్టుకోడు.

కొత్త ఓనర్:
పాతపానా అన్నతో ఏకీభవిస్తున్నా, కానీ నా కారణం వేరు. లైసెన్స్ అన్నారంటే రేట్లు పెరుగుతాయి. లైసెన్స్ ఉన్నవాళ్లు కొద్దిమందే ఉంటారు కాబట్టి వాళ్లకోసం వారాలు ఎదురుచూడాలి. డబ్బున్నవాళ్లు ఎదురుచూస్తారు. లేనివాళ్లు ఎప్పట్లాగే తెలిసినోడిని పిలుస్తారు, కాకపోతే దొంగచాటుగా. అప్పుడు పని పాడైతే కనీసం గట్టిగా అడగడానికి కూడా ఉండదు.

వెంట్‌పైపు:
అందరూ చెమ్మ, రేటు దగ్గరే ఆగిపోయారు. ప్లంబింగ్ తప్పితే పోయేది పెయింట్ ఒక్కటే కాదండీ.

2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చినప్పుడు హాంకాంగ్‌లో ఆమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్ల సముదాయంలో 300 మందికి పైగా జబ్బు పడ్డారు, 42 మంది చనిపోయారు. దర్యాప్తులో బయటపడ్డ కారణాల్లో ముఖ్యమైనది బాత్‌రూమ్ ఫ్లోర్ ట్రాపులు, అంటే నేల జాలీ కింద నీళ్లు నిలిచే వంపు పైపులు, ఎండిపోవడం. ట్రాపులో నిలిచే ఆ కాసిని నీళ్లే డ్రైనేజీ గాలికీ మనకీ మధ్య తలుపు. అవి ఆరిపోయి, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా తిరుగుతుంటే పైపులోని గాలిని బాత్‌రూమ్‌లోకి లాగేసుకుంటుంది. ఈ వంపు పైపు కొత్తదేమీ కాదు, అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాలు చేసే ఆయన 1775లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇన్నేళ్లయినా ఇప్పటికీ ట్రాప్ లేకుండా సింక్ పైపుని నేరుగా డ్రైనేజీకి కలిపేసేవాళ్లు ఉన్నారు. ట్రాప్ పెట్టినా వెంట్ పైపు (డ్రైనేజీ లైన్లోకి బయటి గాలి వచ్చే గొట్టం) పెట్టరు, పైన ఫ్లష్ కొట్టిన ప్రతిసారీ కింద ట్రాపులో నీళ్లు గుటగుటమని లాక్కుపోతాయి. ఆ శబ్దం మీ ఇంట్లో వినిపిస్తుంటే కారణం అదే కావచ్చు.

1933లో షికాగోలో పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతున్నప్పుడు అమీబిక్ డిసెంట్రీ వ్యాపించింది. హోటళ్లలో మంచినీళ్ల పైపులూ మురుగు పైపులూ కలిసే లోపాల వల్ల అని తేలింది. అవి పాత కథలు అనుకోవద్దు. గంటల లెక్కన నీళ్లు వదిలే ఊళ్లలో, సరఫరా ఆగగానే లైన్లో ప్రెషర్ పడిపోతుంది, పక్కన కాలువ పోతూ పైపుకి చిన్న పగులు ఉంటే ఆ మురికి లోపలికి వస్తుంది. పైగా కొంతమంది మెయిన్ లైనుకే మోటార్ తగిలించి లాగుతారు. వాళ్లకి నీళ్లొస్తాయి, వీధి మొత్తానికి మురికి చేరుతుంది. ఆ మోటార్ బిగించేది కూడా ఎవరో ఒక ప్లంబరే కదా. తెలిసి చేస్తాడా, తెలియక చేస్తాడా?

కొత్త ఓనర్:
@వెంట్‌పైపు హాంకాంగ్‌లో ప్లంబర్లకి లైసెన్స్ పద్ధతి అప్పటికే ఉందండీ. మీ ఉదాహరణ నా వైపే వాదిస్తోంది 🙂

వెంట్‌పైపు:
ఒప్పుకుంటా, అక్కడ ఎండిన ట్రాప్ ప్లంబర్ చేతిలో లేదు, వాడేవాళ్లు తడి బట్టతో నేల తుడుచుకుంటుంటే ట్రాపులోకి నీళ్లు వెళ్లే దారి లేదు. కానీ నేనన్నది లైసెన్స్ ఉంటే ఏ ప్రమాదం రాదని కాదు. ఆ ట్రాపులో వారానికోసారి ఒక మగ్గు నీళ్లు పోయమని ఇల్లు అప్పగించేటప్పుడు చెప్పాల్సింది ఎవరు? ట్రాప్ ఎందుకుందో తెలిసినవాడే చెప్పగలడు. ఎందుకుందో తెలియనివాడు దుర్వాసన వస్తోందని పిలిస్తే వచ్చి ఫినాయిల్ పోయమంటాడు.

తడిగోడ:
అదే కదా నేనూ అంటున్నది! జర్మనీలో ఈ పని నేర్చుకునేవాళ్లు మూడున్నరేళ్లు వృత్తి శిక్షణలో ఉంటారు, కొంత కాలం స్కూల్లో, కొంత కాలం పనిచోట, జీతం తీసుకుంటూ. అంత ఒక్కసారిగా మనవల్ల కాదు, తెలుసు. ఇప్పటికే ఏళ్లుగా చేస్తున్నవాళ్లని రాత పరీక్షకి కూర్చోబెట్టడం అన్యాయం. ఒక పైపు, నాలుగు ఫిట్టింగులు, ఒక ట్రాప్ ఇచ్చి చేసి చూపించమనండి, చేతి పని చూసి కార్డు ఇవ్వండి. పాతపానా గారి లాంటి వాళ్లు పది నిమిషాల్లో పాసవుతారు. తర్వాత కొత్తగా వచ్చేవాళ్లకి శిక్షణ తప్పనిసరి చేయండి. రేట్లు పెరుగుతాయి అంటున్నారు, మేం టైల్స్ పగలగొట్టి మళ్లీ వేయించిన ఖర్చు చూస్తే ఆ మాట అనరు.

పాతపానా:
పొగిడినందుకు థాంక్స్ కానీ కార్డు ఇచ్చాక నేనేం చేస్తానో కూడా చెప్తా. నా కార్డు మీద పదిమంది కుర్రాళ్లు పనిచేస్తారు. నేను ఒక్కరోజు వచ్చి చూసి పోతా. లైసెన్స్ పేరు మీద ఇలా నడిచిన పనులు చాలా చూశాను.

శిక్షణ వద్దని అనట్లేదు, నేనైతే మా కుర్రాళ్లతో రోజూ గొడవే. టెఫ్లాన్ టేప్ ఎంత ఎక్కువ చుడితే అంత గట్టి అనుకుంటారు. ప్లాస్టిక్ ఫిట్టింగ్ లోపలి మరలోకి మందంగా చుట్టి పానాతో బిగిస్తే అప్పుడేం కాదు, కొన్నాళ్లకి సన్నగా పగిలి ఊరడం మొదలవుతుంది. అందుకే ట్యాప్ వచ్చే చోట లోపల ఇత్తడి మర ఉన్న ఫిట్టింగ్ వాడమంటా, ఖరీదు ఎక్కువని ఓనరే వద్దంటాడు. డ్రైనేజీ వాలు ఇంకో గోల. చేతికి తోచినట్టు వేసేస్తారు. 110 ఎంఎం పైపుకి మీటరుకి కనీసం ఒక సెంటీమీటరైనా వాలు ఉండాలి, రెండు, రెండున్నర అయితే నిశ్చింత. ఆ ఒక్క సెంటీమీటరు కన్నా తక్కువైతే మలం కూర్చుండిపోతుంది. అది లెవెల్ గొట్టం పెట్టి చూసుకోవాలి, కంటికి ఆనదు.

కాబట్టి నా మాట ఏంటంటే, కాగితం మనిషికి కాదు, గోడకి పెట్టండి. ప్రెషర్ టెస్ట్, అంటే పైపుల్లో నీళ్లు ఒత్తిడితో నింపి లీకుందేమో చూడటం, అయిందని తేలకుండా ప్లాస్టరింగ్ చేయకూడదు, డ్రైనేజీ వాలు చూడకుండా కాంక్రీటు పోయకూడదు. అది ఎవరు వేశారన్నది తర్వాత. టెస్టులో ఫెయిలైతే కాంట్రాక్టర్ డబ్బుతో మళ్లీ వేయాలి. అప్పుడు చూడండి, అందరూ తమంతట తామే పని తెలిసినవాడిని వెతుక్కుంటారు, రేటూ ఇస్తారు.

మూడో అంతస్తు:
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నా. పాతపానా గారూ, టెస్ట్ అయిందని రాసిచ్చేది ఎవరు? ఇన్‌స్పెక్టర్ అంటారా? ఆయన సైటు ముఖం చూడకుండానే సంతకం పెట్టి పంపిస్తాడు, ఇల్లు కట్టుకున్న ఎవరిని అడిగినా చెప్తారు. ఇంకో సంగతి, ఇక్కడ అందరూ ఓనర్ల లెక్కన మాట్లాడుతున్నారు. మేం అద్దెకుంటాం. ట్యాప్ సెకనుకో చుక్క కారితే రోజుకి ఇరవై లీటర్లకి పైనే పోతుంది, వాషర్ మార్పించమని ఓనర్‌కి చెప్తే "ప్లంబర్ దొరకట్లేదు" అంటాడు. అది అబద్ధం కూడా కాదు, చిన్న పనికి ఎవరూ రారు. లైసెన్స్ పెడితే ఈ చిన్న పనులకి ఇంకా ఎవరు వస్తారు?

నాకైతే ఒక మాట అనిపిస్తుంది, ఆడవాళ్లకి ఈ పని ఎందుకు నేర్పరు? పగటిపూట ఇంట్లో ఆడవాళ్లు ఒక్కళ్లే ఉన్నప్పుడు కొత్త మనిషిని బాత్‌రూమ్ దాకా రానివ్వాలంటే మాకు టెన్షన్. పనిచేసేవాళ్లు లేరంటూనే సగం జనాభాని పక్కన పెట్టాం.

తడిగోడ:
@మూడో అంతస్తు ఆ చివరి మాటకి వంద లైకులు. ఇన్‌స్పెక్టర్ల సంగతి నిజమే, కానీ ఆ లెక్కన ఏ నియమమూ పెట్టలేం. లైసెన్స్ ఉంటే కనీసం రద్దు చేయడానికి ఒకటుంటుంది. నా ఇంట్లో పని పాడు చేసినాయన ఈరోజు ఇంకో ఇంట్లో అదే ఎల్బో అతికిస్తుంటాడు, ఆపేవాళ్లెవరూ లేరు. మీరు గోడకి కాగితం అన్నారు, బానే ఉంది, మనిషికీ ఉండాలి. ఇందులో నేను తగ్గను.

కొత్త ఓనర్:
ఇది తేలేది కాదు కానీ, నాది వచ్చే నెల బాత్‌రూమ్ పని మొదలవుతుంది. ఇన్‌స్పెక్టర్‌నీ లైసెన్స్‌నీ పక్కనబెట్టి, ఆ ప్రెషర్ టెస్ట్ నేనే దగ్గరుండి చేయించుకోవచ్చా? ఎలా?

పాతపానా:
చేయించుకోవచ్చు. చేతి పంపుకి గేజ్ ఉన్నది అద్దెకి తెమ్మనండి. ట్యాపులు వచ్చే చోటల్లా ఎండ్ ప్లగ్గులు పెట్టి, గీజర్ పాయింట్ దగ్గర వేడి, చన్నీళ్ల లైన్లు రెండూ కలిపేయమనండి. నీళ్లు నింపేటప్పుడు పైన ఉన్న ప్లగ్ వదులు చేసి గాలి మొత్తం పోనివ్వాలి, గాలి ఉండిపోతే ముల్లు అబద్ధం చెప్తుంది. మామూలుగా ఉండే ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు ఎక్కించి వదిలేయండి. ట్యాప్ కంటే ట్యాంక్ పది మీటర్ల ఎత్తులో ఉంటే మామూలు ప్రెషర్ ఒక బార్ అని గుర్తు. మోటార్ పంప్ పెట్టే ఆలోచన ఉంటే దాని ప్రెషర్ లెక్కేయాలి. రెండు గంటల తర్వాత వెళ్లి చూడండి. ముల్లు దిగితే ప్రతి జాయింట్ పొడి గుడ్డతో తుడిచి చూడాలి.

రెండు జాగ్రత్తలు. సొల్యూషన్ వేసిన వెంటనే టెస్ట్ చేయొద్దు, డబ్బా మీద రాసిన టైము ఆరనివ్వాలి. ఇంకోటి, త్వరగా అయిపోతుందని కంప్రెసర్ గాలితో టెస్ట్ చేస్తామంటే ఒప్పుకోకండి, ప్లాస్టిక్ పైపు గాలి ప్రెషర్‌కి పగిలితే ముక్కలు ఎగిరి మొహం మీదికొస్తాయి. గోడ మూసేముందు పైపులన్నీ టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకోండి, రేపు అద్దం తగిలించడానికి ఎక్కడ డ్రిల్ చేయకూడదో తెలుస్తుంది.

కొత్త ఓనర్:
ముల్లు ఎంత దిగితే ఫెయిల్ అనుకోవాలి?

పాతపానా:
ఎండకి నీళ్లు వేడెక్కినా చల్లబడినా కాస్త అటూ ఇటూ అవుతుంది, అది పర్లేదు. ఆగకుండా దిగుతూ ఉంటే మాత్రం ఎంత తక్కువైనా లీకే. ప్లాస్టరింగ్ వాళ్లని మర్నాడు రమ్మనండి.