పెట్రోలు పోసేటప్పుడు ట్యాంకులోని ఆవిరి ఎటు పోతుంది?

ప్రశ్న
ట్యాంకులోకి పెట్రోలు వెళ్ళేకొద్దీ అప్పటిదాకా లోపల ఉన్న ఆవిరి బయటికి రాక తప్పదు కదా. కొన్ని బంకుల్లో నాజిల్‌కు రబ్బరు తొడుగు కనిపిస్తుంది, కొన్నిచోట్ల కనిపించదు. ఈ ఆవిరిని పట్టి ఉంచేది బంకా, కారా? నాజిల్ దానంతటదే ఆగిపోయాక ఇంకొంచెం పోయించుకుంటే నష్టమేమైనా ఉందా?

మొదటి జవాబు
రెండు పద్ధతులూ ఉన్నాయండీ. బంకు పద్ధతిలో నాజిల్‌లోనే ఉన్న మరో దారి గుండా ఆవిరి వెనక్కి మళ్ళి భూగర్భ ట్యాంకుకు చేరుతుంది. కారు పద్ధతి నాకు మరింత నచ్చుతుంది: పెట్రోలు పోసే గొట్టాన్ని కింది భాగంలో సన్నగా చేయడం వల్ల, దిగుతున్న పెట్రోలే అడ్డుగా నిలిచి ఆవిరిని పైకి రానివ్వదు. అప్పుడా ఆవిరి యాక్టివేటెడ్ కార్బన్ (ఆవిరిని పట్టుకునే బొగ్గు) నింపిన క్యానిస్టర్‌లోకి, అంటే కారులోనే ఉండే ఒక డబ్బాలోకి వెళ్ళి అక్కడి బొగ్గు రేణువులకు అంటుకుంటుంది. తరువాత ఇంజను నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుంటే, ఇంజను దాన్ని పీల్చుకుని ఇంధనంగానే కాల్చేస్తుంది. ఆ ఆవిరిలో క్యాన్సర్ కారకమైన బెంజీన్ ఉంటుంది కనుక, దాన్ని పట్టి ఉంచడం బంకులో రోజంతా పనిచేసేవారి ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా.

రెండవ జవాబు
పై జవాబుకు ఒక చేర్పు. అమెరికాలో 1998 మోడల్ కార్ల నుంచి ఈ క్యానిస్టర్ పద్ధతిని దశలవారీగా తప్పనిసరి చేశారు. అలాంటి కారుకు వాక్యూమ్ పంపుతో ఆవిరిని లాగే నాజిల్ పెడితే, లాగడానికి ఆవిరి దొరకక అది బయటి గాలిని భూగర్భ ట్యాంకులోకి పంపుతుంది. ఆ తాజా గాలిలోకి పెట్రోలు మళ్ళీ ఆవిరై, ఒత్తిడి పెరిగి, వెంట్ గొట్టం గుండా బయటపడుతుంది. కొత్త కార్లు విస్తారంగా వచ్చాక, 2012లో అక్కడి పర్యావరణ సంస్థ రాష్ట్రాలు ఆ నాజిళ్ళను విరమించుకోవడానికి వీలు కల్పించింది. రబ్బరు తొడుగులు కొన్నిచోట్ల కనిపించకపోవడానికి ఇదొక కారణం.

మూడవ జవాబు
మీ చివరి సందేహానికి జవాబు: దయచేసి పోయించుకోకండి. నాజిల్ కొనలోని చిన్న రంధ్రాన్ని పెట్రోలు కప్పగానే దానిలోకి గాలి పోవడం ఆగి, లోపలి డయాఫ్రమ్ (పలుచని సాగే పొర) కదిలి మీట విడిపోతుంది. ఆ తరువాత కూడా బలవంతంగా పోస్తే ఆవిరి వెళ్ళవలసిన దారిలోకి ద్రవ పెట్రోలే చేరి క్యానిస్టర్‌ను తడిపే ప్రమాదం ఉంది. తడిసిన కార్బన్ ఆవిరిని సరిగా పట్టలేదు. చెక్ ఇంజన్ దీపం కూడా వెలగవచ్చు. క్యానిస్టర్ పాడైతే సాధారణంగా దాన్ని మార్చవలసి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ. ట్యాంకర్ వచ్చి బంకులో పెట్రోలు దించేటప్పుడూ ఇదే జరగాలి కదా?

మొదటి జవాబిచ్చినవారు
అవునండీ. అక్కడ రెండు గొట్టాలు కలుపుతారు: ఒకదానిలో పెట్రోలు కిందికి దిగుతుంటే, రెండవదానిలో భూగర్భ ట్యాంకులోని ఆవిరి ఖాళీ అవుతున్న ట్యాంకర్‌లోకి చేరుతుంది. ట్యాంకర్ డిపోకు తిరిగి వెళ్ళాక దాన్ని అక్కడి యంత్రాలు తిరిగి ద్రవంగా మారుస్తాయి, లేదా కాల్చివేస్తాయి.