పాత గోథిక్ రొమాన్సుల్లో హీరోని క్షమించొచ్చా?

పాతపుస్తకం: విక్టోరియా హోల్ట్ ‘మిస్ట్రెస్ ఆఫ్ మెల్లిన్’ (1960) మళ్ళీ చదివాను. గోథిక్ రొమాన్స్ అంటే ఇలాంటిదే, భయమూ రహస్యమూ కలిసిన ప్రేమకథ. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో పెద్ద బంగళా, భార్య పోయిన యజమాని, అతని కూతురికి చదువు చెప్పడానికొచ్చిన మార్తా. తెల్లారేదాకా కింద పెట్టలేదు. హీరో ఏదీ సూటిగా చెప్పడు, అదొక్కటే లోపం.

నల్లేరు: అదొక్కటేనా? ‘రెబెకా’ (1938) నవలలో హీరో మాక్సిమ్ మొదటి భార్య రెబెకాని కాల్చి చంపాడు. ఆ మాట విన్న రెండో భార్యకి కలిగింది ఊరట, రెబెకాని అతను ప్రేమించలేదని!

వానకోయిల: చంపలేదండీ, కిందపడి పోయింది.

నల్లేరు: అది 1940 హిచ్‌కాక్ సినిమా. హంతకుడికి శిక్ష పడకుండా కథ ముగించకూడదని అప్పటి హాలీవుడ్ నియమం, అందుకే మార్చారు. నవలలో తుపాకీయే.

పాతపుస్తకం: రెబెకా కావాలని రెచ్చగొట్టింది కదా.

నల్లేరు: అలా అని మనకి చెప్పేదెవరు? కాల్చినవాడే.

సంధ్యాదీపం: పరిగెత్తే అమ్మాయి, వెనక బంగళాలో ఒక్క కిటికీలో వెలుగు. నేను ఆ అట్టలు చూసే కొనేదాన్ని.

పాతపుస్తకం: పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో నాకు తలుపేసుకునే గది కూడా లేదు. అందరూ పడుకున్నాక వంటింటి లైటు కింద ఈ పుస్తకాలే నాకు దిక్కు. అదీ తప్పేనా?

నల్లేరు: మా అక్కా ఇవే చదివేది. బావ వారాల తరబడి మాట్లాడకపోతే, మనసులో ఏదో బాధుందని ఏళ్ళకేళ్ళు ఓర్చుకుంది. అతనికి ఏ బాధా లేదు.

పాతపుస్తకం: మీ బావ తప్పు పుస్తకాల మీద వేస్తారేం? నవలలు చదివితే ఆడవాళ్ళు చెడిపోతారని మా మామగారూ అనేవారు!

నల్లేరు: చదవొద్దని నేనెక్కడన్నాను? మీ మార్తా సంగతే తీసుకోండి. ఆమె భయం నిజమే, చివరికి హంతకురాలు పక్కింటి ఆవిడ. భయం మగవాడి వల్ల మొదలవుతుంది, నేరం ఇంకో ఆడదాని మీదకి పోతుంది. నా కోపం అక్కడ.

వానకోయిల: ‘జేన్ ఐర్’ (1847)లోనూ అంతే. హీరో పైగదిలో దాచి బంధించిన భార్యే రాక్షసి.

పాతపుస్తకం: కానీ అతనికి భార్య ఉన్న సంగతి బయటపడగానే, అతన్ని పెళ్ళి చేసుకోబోయిన జేన్ తెల్లారకముందే ఇల్లు వదిలిపోయింది. అది చెప్పరేం?

నల్లేరు: తర్వాత తిరిగొచ్చి అతన్నే చేసుకుంది.

పాతపుస్తకం: వారసత్వంలో తన వాటా 5,000 పౌన్లు చేతికొచ్చాక వచ్చింది. పుట్టింటికెళ్ళే బస్సు చార్జీకి కూడా భర్తని అడగాల్సిన నేను ఆ పేజీలే మళ్ళీ మళ్ళీ చదివాను, నల్లేరు గారూ. పెళ్ళి పేజీలు కాదు.