నాన్నగారి యెజ్దీని మళ్లీ నడిపించడం ఎలా?

మాది విజయవాడ, కృష్ణలంక. మా నాన్నగారు 1984లో కొన్న యెజ్దీ 250 మోటారు సైకిలు, ఆయన కాలం చేసిన నాటి నుంచి పన్నెండేళ్లుగా పెరట్లో రేకుల పంచన కదలకుండా ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించడానికి అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

చిన్నప్పుడు ఆదివారాలు నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకొని, ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి గుహల దాకా తీసుకువెళ్లేవారు. కిక్ కొట్టిన రాడ్డే మళ్లీ ముందుకు వాలి గేరు రాడ్డుగా మారడం నాకు ఇంద్రజాలంలా ఉండేది. ఎండకు కాలిన ట్యాంకు నా తొడలకు చురుక్కుమనకుండా ఆయన తన తువ్వాలు మడిచి వేసేవారు. పెట్రోలులో కలిపే 2టి ఆయిల్ వాసన వేసే ఆ తువ్వాలు ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

కిక్ అసలు కదలడం లేదు. చూసిన మెకానిక్ ఒకరు ఇంజను పట్టేసిందని, తుక్కుకు ఇచ్చేయమని అన్నారు. నాకు మనసొప్పలేదు. స్పార్క్ ప్లగ్ తీసి, సిలిండర్‌లో కొద్దిగా డీజిల్ పోసి నాలుగు రోజులు నాననిస్తే పిస్టన్ వదులవుతుందా, లేక ముందే సిలిండర్ విప్పించడం మంచిదా? యెజ్దీలను తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లోనే మూతపడింది కనుక, నాణ్యమైన రింగులు, పిస్టన్ ఎక్కడ దొరుకుతాయి? మన ఆటోనగర్‌లో ఈ పాత టూ స్ట్రోక్ ఇంజన్ల పని బాగా తెలిసినవారు ఉన్నారా?

ఆర్సీ గడువు తీరింది, పైగా నాన్నగారి పేరు మీదే ఉంది. ముందు పేరు మార్పించాలా, రెన్యూవల్ చేయించాలా? పాత నంబరు మాత్రం పోకూడదు.