అప్‌డేట్: రేసింగ్ స్కూల్ సంగతి తేలింది

హైదరాబాద్‌లో ఉంటూ కారు రేసింగ్ మొదలుపెట్టాలంటే ఏ స్కూల్ మంచిదని అడిగాను కదా. 2023లో ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగిన హుస్సేన్‌సాగర్ రోడ్డు ఇప్పుడు మామూలు ట్రాఫిక్‌దే, కాబట్టి ఊరు దాటాల్సిందే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ సుమారు 3.7 కి.మీ., కోయంబత్తూర్ కారి స్పీడ్‌వే ట్రాక్ 2.1 కి.మీ. మొదటిసారికి కారి స్పీడ్‌వేనే నయం: ల్యాప్ చిన్నది, అదే మలుపు ఎక్కువసార్లు దొరుకుతుంది.

ఫీజు కంటే ముందు అడగాల్సినవి వేరే: ట్రాక్ మీద ఎన్ని నిమిషాలు, కారుకు ఎంతమంది, గుద్దితే ఎవరు కట్టాలి, వాళ్ల సర్టిఫికెట్‌ ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసింగ్‌ను చూసే సంస్థ) లైసెన్సుకు చెల్లుతుందా. ‘రెండు రోజుల కోర్సు’లో సగం క్లాస్‌రూమే కావచ్చు.

సీటింగ్ మాత్రం ఇంటి కారులోనే సరిచేసుకోవచ్చు. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచున పడాలి. బ్రేక్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి, లేకపోతే కాలికి బలం చాలదు.

కొత్తవాళ్లు తప్పు చేసేది బ్రేకింగ్‌లోనే. మెల్లగా మొదలుపెట్టి మలుపులో గట్టిగా తొక్కుతారు; ముందు టైర్ల పట్టంతా బ్రేకుకే పోయి కారు తిరగదు, నేరుగా పోతుంది. మొదట్లోనే గట్టిగా తొక్కి, స్టీరింగ్ తిప్పేకొద్దీ వదలాలి.