పిల్లల కడుపులో పురుగులకి ఆల్బెండజోల్ ఒక్కటే చాలా?

ప్రశ్న:
ఆరు నెలలకోసారి ఆల్బెండజోల్ వేస్తే చాలు, పరీక్షలెందుకు అంటారు మా ఆయన. మా ఐదేళ్ల బాబుకి వేశాం. మూడు వారాలైనా కాలేదు, రాత్రుళ్లు మళ్లీ మలద్వారం దగ్గర దురదని ఏడుస్తూ లేస్తున్నాడు. మెబెండజోల్‌కి మారాలా?

జవాబు 1:
మందు మార్చి లాభం లేదండీ. రాత్రి దురద అంటే చాలావరకు పిన్‌వార్మ్‌లే, తెల్లదారం ముక్కల్లా ఉంటాయి. ఆల్బెండజోల్, మెబెండజోల్, పైరాంటెల్ ఏదైనా పురుగుని చంపుతుంది గానీ గుడ్ల మీద అంతగా పనిచేయదు, అందుకే రెండు వారాలకి ఇంకో డోసు, అదీ ఇంట్లో అందరికీ ఒకేసారి. మలపరీక్షలో ఇవి సరిగా దొరకవు. పొద్దున లేవగానే, కడగకముందే, అక్కడ పారదర్శకమైన టేపు ఒత్తి తీస్తే గుడ్లు దానికి అంటుకుంటాయి, ల్యాబ్‌లో చూస్తారు.

జవాబు 2:
ఏ మందైనా ఒకటే అన్నట్టు చెప్తే మాత్రం నేను ఒప్పుకోను. ఏలికపాములకి ఏదైనా సరే, ఒక్క డోసుతో పోతాయి. పేగుల్లో రక్తం పీల్చే కొంకి పురుగులకైతే (హుక్‌వార్మ్) ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ముందు మెబెండజోల్ 500 మి.గ్రా. ఒక్క డోసు బాగా వెనకబడుతుంది. ఇక కొరడా పురుగులకి (విప్‌వార్మ్) రెండూ ఒక్క డోసులో సగం మంది పిల్లలకి కూడా నయం చేయలేవు. ఐవర్‌మెక్టిన్ కలిపితే మెరుగే, కానీ 15 కిలోల లోపు పిల్లలకి మామూలుగా ఇవ్వరు. అందుకే ముందు పరీక్ష అంటాను.

జవాబు 3:
పరీక్ష మంచిదే, కానీ అది దొరకని చోట ఏం చేయాలి? పిల్లల్లో 20 శాతం మందికి పైగా ఈ పురుగులున్న ప్రాంతాల్లో పరీక్ష లేకుండానే అందరికీ వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. రక్తహీనత ముదిరేదాకా రిపోర్టు కోసం కూర్చోలేం కదా.

జవాబు 2:
అందరికీ వేయడం తప్పనట్లేదు. వేశాక కూడా తగ్గని పిల్లాడి గురించే నా బాధ. మా పాపకి వారాల తరబడి జిడ్డు విరేచనాలైతే రెండుసార్లు పురుగుల మాత్రే వేశాం, చివరికి అది జియార్డియా అని తేలింది. అది పురుగే కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి, దానికి ఆల్బెండజోల్ రోజూ ఐదు రోజులు వేయాలి, లేదంటే మెట్రోనిడజోల్. ఆ చేదుకి పాప మందంతా గౌను మీదే ఉమ్మేసేది.

ప్రశ్న అడిగినావిడ:
రేపు పొద్దున్నే టేపు పెడతాను. చెల్లికి పదహారు నెలలు, తనకీ వేయొచ్చా?

జవాబు 1:
డాక్టర్‌ని అడిగాకే వేయండి. రెండేళ్లలోపు వాళ్లకి 200 మి.గ్రా., అంటే సగం మాత్ర. మెత్తగా నలిపి నీళ్లలో కలిపి పట్టండి. ఏడుస్తుంటే మాత్రం ముక్కు మూసి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.