సీసాలో పచ్చగా ఉన్న పొడపత్రి కుండీలోకి రాగానే వాలిపోతోంది, ఏం చేయాలి?

నమస్కారమండీ. మాది విశాఖ, మద్దిలపాలెం. వెనక గదిలో చిన్నగా టిష్యూ కల్చర్ (మొక్క ముక్కల్ని సూక్ష్మజీవులు చేరని సీసాల్లో పెంచడం) మొదలుపెట్టి ఏడాదైంది. ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) లేదు, వంటింటి ప్రెషర్ కుక్కరే దిక్కు (మా ఆవిడ ఇంకోటి కొనుక్కుంది). సీసాలో వేసేది ఎంఎస్ మీడియం (మొక్కకి కావలసిన పోషకాల మిశ్రమం), లీటరుకు 30 గ్రాముల పంచదార, పీహెచ్ 5.8. పొడపత్రి (మందుమొక్క) కణుపులు బీఏపీ అనే చిగుళ్లు వేయించే హార్మోన్‌తో బాగానే చిగుళ్లేశాయి, వేర్లూ వచ్చాయి.

అసలు తంటా ఆ తర్వాతే. వేళ్లకంటిన అగర్ (మీడియాన్ని గడ్డకట్టించే పదార్థం) గోరువెచ్చటి నీళ్లతో కడిగి, కొబ్బరిపొట్టులో నాటి, పైన పాలిథిన్ కవర్ కప్పుతున్నాను. కవర్ తీసిన పూటే ఆకులు ఉడికిన తోటకూరలా వాలిపోతున్నాయి. తీయకుండా ఉంచితే, మన ఊరి ఉక్కకి కాడ మొదట్లో నల్లబడి కుళ్లుతోంది. సీసాలో పెరిగిన ఆకుకి మైనపు పొర పల్చన, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు, అంతవరకు తెలుసు. కానీ ఎన్నో రోజు నుంచి, ఎంతెంత గాలి తగలనివ్వాలి? పోయిన విడత 40 నాటితే 6 మిగిలాయి.

పొట్టులో ఇసుక కలపాలా? బీచ్ ఇసుక కాదులెండి, ఉప్పు సంగతి తెలుసు. నాటేముందు కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) నీళ్లలో ముంచితే లాభమా, లేత వేళ్లకి దెబ్బా?

ఇక్కడి తేమలో పొడపత్రో, సర్పగంధో హార్డెనింగ్ (సీసా మొక్కని మెల్లగా బయటి గాలికి అలవాటు చేయడం) చేసినవాళ్లుంటే చెప్పండి. ఇంకో పాతిక సీసాలు మూత తీయకుండా ఆపి ఉంచాను.